ఆటోనగర్‌లో పనిచేసే రిమోట్ పటమట సెల్లార్‌లో ఎందుకు పనిచేయలేదు?

కారు వచ్చిన తీరు

ఏడెనిమిదేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్. ఫ్లిప్ కీలోనే రిమోట్ ఉండే రకం, పుష్ స్టార్ట్ కాదు. రిమోట్ ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు. కీ పెట్టి తిప్పితే డోర్ తెరుచుకుంటుంది, ఇంజిన్ మామూలుగానే స్టార్టవుతుంది. మా దగ్గరికి వచ్చేసరికే సెల్ మార్చడం అయిపోయింది, ఒకచోట రిమోట్‌ను మళ్లీ ప్రోగ్రామ్ చేయించడమూ అయిపోయింది. ఇంకోచోట కీ సెట్టు, బీసీఎం (లాకులు, లైట్ల వంటివాటిని నడిపే కారులోని కంప్యూటర్ డబ్బా) రెండూ మార్చాలని ఎస్టిమేట్ రాసిచ్చారు. ఆ కాగితం జేబులో పెట్టుకునే ఓనర్ గారు విజయవాడ ఆటోనగర్‌లోని మా షాపుకు వచ్చారు. ఆయనకు గవర్నర్‌పేటలో మందుల ఏజెన్సీ ఉంది, ఇల్లు పటమటలో.

షాపు ముందు నిలబడి రిమోట్ నొక్కితే ఠక్కున తెరుచుకుంది. మళ్లీ నొక్కితే పడింది. "చూశారా, మీ ముందు బుద్ధిగా పనిచేస్తోంది. ఇంటికెళ్తే మళ్లీ మొదలు" అన్నారాయన.

ఇలాంటి కారును "ఇప్పుడు బాగానే ఉందిగా, పోయినప్పుడు తీసుకురండి" అని పంపించేయడం మా లైన్‌లో అలవాటు. పోయినప్పుడు ఎలా తెస్తారు? పోయిన చోటి నుంచి కదిలిస్తేనే బాగవుతున్నదాన్ని!

రిమోట్ కేసు రాగానే మేము అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. రెండో కీ కూడా ఇలాగే చేస్తోందా? డ్రైవర్ డోర్ మీది లాక్ బటన్ నొక్కితే అన్ని డోర్లూ పడుతున్నాయా? కారు నీళ్లలో మునిగిందా? 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చిన దగ్గర్నుంచి ఈ నీళ్ల ప్రశ్నే ముందు అడుగుతున్నాం. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు రోజుల తరబడి నీళ్లలో నిలిచిన కార్లు ఉన్నాయి. పైకి ఆరబెట్టి నడిపేసుకున్నా, డ్రైవర్ కాళ్ల దగ్గరి కనెక్టర్లలో పచ్చటి చిలుము నిదానంగా పెరుగుతూ ఉంటుంది. నెలల తర్వాత లాకులు, పవర్ విండోలు, హారన్ ఒక్కొక్కటే మొరాయిస్తాయి. ఈ కారు ఆ నీళ్లు చూడలేదు. డోర్ బటన్ నొక్కితే లాకులన్నీ చక్కగా పడుతున్నాయి. రెండో కీ మాత్రం మొదటిదాని లాగే చేస్తోందట.

ఆ చివరి జవాబుతోనే నాకు ఆ ఎస్టిమేట్ మీద నమ్మకం పోయింది. రెండు రిమోట్లు ఒకే రోజుల్లో, ఒకే తీరుగా పాడవడం చాలా అరుదు. ఒకటి రోజూ వాడేది, ఇంకోటి బీరువాలో పడుండేది. రెండూ కలిసి మొరాయిస్తున్నాయంటే తప్పు రిమోట్‌కు అవతల ఉంది.

"ఎక్కడ పనిచేయట్లేదండీ?" అని అడిగితే ఓనర్ గారు కాస్త ఆలోచించారు. అంతకుముందు ఆ మాట ఎవరూ అడగలేదట. "ఇంటి దగ్గరేనండీ ఎక్కువ. పొద్దున ఏజెన్సీకి బయల్దేరేటప్పుడు, రాత్రి వచ్చి లాక్ చేసేటప్పుడు. బీసెంట్ రోడ్డులో ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఆదివారం మధ్యాహ్నం అయితే ఇంటి దగ్గర కూడా భేషుగ్గా పనిచేస్తుంది" అన్నారు. ఎప్పటి నుంచి అంటే, ఎండాకాలం నుంచి. బెజవాడ ఎండకి లోపల ఏదో మాడిపోయిందని వాళ్లింట్లో ఖాయం చేసుకున్నారు. కారు అద్దాలకు ఎండ తగలకుండా తెరలు కూడా కొన్నారు.

వాళ్లింట్లో ఇంకో నమ్మకం కూడా ఉంది. ఎడమ చేత్తో పట్టుకుని, కారు వెనక వైపు నుంచి నొక్కితే పనిచేస్తుందని వాళ్లావిడ గట్టిగా చెబుతారట. ఆయన నవ్వుతూ చెప్పారు గానీ నేను అది కూడా జాబ్ కార్డు మీద రాసుకున్నాను. కస్టమర్ చెప్పే వింత వెనక తరచూ ఏదో ఒక కారణం ఉంటుంది.

ఆయనకు అసలు టెన్షన్ వేరే. ఎవరో వాట్సాప్‌లో వీడియో పంపారు, దొంగలు జామర్ పెట్టి కార్లు లాక్ కాకుండా చేస్తున్నారని. అది ఉత్త పుకారు కాదు. తాళం సిగ్నల్‌ను తొక్కిపెట్టే పరికరాలు ఉన్నాయి. 2015లో శామీ కామ్‌కర్ అనే అమెరికా సెక్యూరిటీ పరిశోధకుడు లాస్ వేగస్‌లోని డెఫ్ కాన్ సదస్సులో ఇంకో అడుగు ముందుకు వేసి చూపించాడు. అరచేతిలో పట్టే పరికరం ఒకటి కారుకు సిగ్నల్ చేరకుండా అడ్డుకుంటూనే ఆ కోడ్‌ను దాచుకుని, తర్వాత అదే కోడ్‌తో తలుపు తెరుస్తుంది. అయితే నెలల తరబడి, రోజూ అవే వేళల్లో, ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కాపు కాసే దొంగ ఉండడు. "డిక్కీలో లాప్‌టాప్ వదలకండి, లాక్ చేశాక హ్యాండిల్ లాగి చూసుకోండి, మిగతాది నేను చూస్తాను" అని చెప్పాను.

షాపులో చూసినవి

బటన్ నొక్కిన దగ్గర్నుంచి లాక్ పడేవరకు దారి ఇలా ఉంటుంది. సెల్ నుంచి రిమోట్‌లోని చిప్‌కు కరెంటు వెళ్తుంది. చిప్ కోడ్ తయారుచేసి గాల్లోకి వదులుతుంది. కారులోని రిసీవర్ దాన్ని పట్టి బీసీఎంకు అందిస్తుంది. బీసీఎం కోడ్ సరిచూసుకుని డోర్ మోటార్లకు కరెంటు పంపుతుంది. డోర్ మీది బటన్‌తో లాకులు పడుతున్నాయంటే బీసీఎం నుంచి మోటార్ల దాకా దారి బాగానే ఉన్నట్టు. బీసీఎం మార్చాలన్న ఎస్టిమేట్‌కు అక్కడే ఆధారం లేకుండా పోయింది. డోర్ బటన్ నొక్కి చూడటానికి మల్టీమీటర్ కూడా అక్కర్లేదు.

ఇంజిన్ స్టార్టవుతోంది కాబట్టి కీ బాగున్నట్టేనని కొందరు అనుకుంటారు. ఆ రెంటికీ సంబంధం లేదు. స్టార్ట్ చేయనిచ్చే ఇమ్మొబిలైజర్ చిప్ వేరు. దానికి సెల్ అక్కర్లేదు. ఇగ్నిషన్ తాళం చుట్టూ ఉండే కాయిల్ నుంచే శక్తి తీసుకుని, 125 కిలోహెర్ట్జ్ దగ్గర జవాబు చెబుతుంది. రిమోట్ మాట్లాడేది 433.92 మెగాహెర్ట్జ్ మీద. సెల్ తీసి పారేసినా కారు స్టార్టవుతుంది, డోర్ మాత్రం రిమోట్‌కు తెరుచుకోదు.

సెల్ విషయం. ఈ కీలో వాడేది సీఆర్2032. 20 అంటే మిల్లీమీటర్లలో వ్యాసం, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. దాని బదులు 2025 గానీ 2016 గానీ పెట్టిన కీలు మాకు వస్తూనే ఉంటాయి. వ్యాసం ఒకటే కాబట్టి కూర్చున్నట్టే ఉంటుంది, మందం చాలక స్ప్రింగుకు అరకొరగా తగులుతుంది. కుదిపితే పనిచేస్తుంది, మరోసారి చేయదు. ఇందులో సైజు సరైనదే. మీటర్ పెడితే 3 వోల్టులు దాటి చూపించింది. ఆ అంకె ఒక్కటే చూసి సెల్ బాగుందని చెప్పకూడదు. ముసలి సెల్ కూడా ఊరికే ఉన్నప్పుడు 3 వోల్టులు చూపిస్తుంది, పని చెప్పగానే కూలబడుతుంది. అందుకే 220 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి అడ్డంగా పట్టుకుని చూస్తాం. అప్పుడు దాదాపు 13 మిల్లీయాంపియర్లు లాగుతుంది, రిమోట్ బటన్ నొక్కినప్పటి భారానికి ఇంచుమించు సమానం. ఆ భారం మీద వోల్టేజీ 2.5 కిందికి జారితే సెల్ పని అయిపోయినట్టే. ఇది జారలేదు.

తర్వాత రిమోట్ గాల్లోకి నిజంగా ఏమైనా వదులుతోందా అన్నది. ఫోన్ కెమెరా ముందు పెట్టి లైట్ కనబడుతుందేమో అని చూసేవాళ్లున్నారు. ఆ చిట్కా టీవీ రిమోట్‌కు. అది ఇన్‌ఫ్రారెడ్. కారు రిమోట్‌ది రేడియో, కెమెరాకు చిక్కదు. మా దగ్గర లాప్‌టాప్‌కు పెట్టే చిన్న యూఎస్‌బీ రేడియో డాంగిల్ ఉంది, ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అంటారు. టీవీ ట్యూనర్ చిప్‌తో చేసింది, పెద్ద ఖరీదు కాదు. 433.92 దగ్గర ట్యూన్ చేసి పెడితే, బటన్ నొక్కినప్పుడల్లా తెరమీద చిన్న మెరుపు లాంటి గీత కిందికి జారుతుంది. రెండు కీలూ నొక్కాం. రెండింటి గీతలూ బలంగా, సరైన చోటే పడ్డాయి. రెండో కీలో అన్‌లాక్ బటన్ మాత్రం అప్పుడప్పుడు గట్టిగా నొక్కాల్సి వచ్చింది, దాని సంగతి వేరే.

బీసీఎంకు స్కానర్ పెట్టి లైవ్ డేటాలో రిమోట్ సిగ్నల్ వరుస తెరిచాం. నొక్కిన ప్రతిసారీ ఏ కీ, ఏ బటన్ అన్నది కచ్చితంగా వచ్చింది. అంటే రిసీవర్, దాని యాంటెన్నా, వైరింగ్ అన్నీ పనిచేస్తున్నాయి. కోడ్ మెమరీ పోయిందన్న అనుమానం కూడా దీంతో తీరింది. "బటన్ ఊరికే నొక్కితే రిమోట్ ప్రోగ్రామింగ్ పోతుంది" అని ఒకరు ఓనర్ గారిని భయపెట్టారట. అందులో సగమే నిజం. ఇలాంటి రిమోట్ నొక్కిన ప్రతిసారీ కొత్త కోడ్ పంపుతుంది, లోపల ఒక లెక్క ముందుకు జరుగుతూ ఉంటుంది. కారుకు దూరంగా ఉండి నొక్కితే రిమోట్ లెక్క ముందుకు పోతుంది, కారు లెక్క వెనకబడుతుంది. అందుకే కారు కొంత తేడాను ఒప్పుకుంటుంది. ఎంతోమంది తయారీదారులు వాడిన కీలాక్ పద్ధతిలో అయితే 16 కోడ్‌ల తేడా దాకా మారు మాట లేకుండా తెరుస్తుంది. అది దాటినా వేల కోడ్‌ల దాకా, వరసగా రెండుసార్లు నొక్కితే మళ్లీ కుదుర్చుకుంటుంది. పిల్లలు కీతో ఆడుకుంటే ఒకసారికి రెండుసార్లు నొక్కాల్సి రావచ్చు, అంతే. బీసెంట్ రోడ్డులో బాగా పనిచేసి, పటమటలో మెమరీ పోవడం అన్నది ఉండదు.

ఇక దూరం చూశాం. కుర్రాడు కీ పట్టుకుని నడుస్తూ పోతుంటే ఎక్కడిదాకా పనిచేస్తుందో గమనించాం. ఇలాంటి కార్లకు మా వీధిలో సుమారు 20 మీటర్లు వస్తుంది. దీనికి అందులో సగం దాటగానే తడబడింది. ఇక్కడ ఒక చిన్న దొంగ దొరికాడు. ముందు అద్దానికి డాష్‌క్యామ్ ఉంది, కారు ఆపినా రికార్డు చేయాలని ఫ్యూజ్ బాక్స్ నుంచి నేరుగా కరెంటు ఇచ్చారు. మధ్యలో 12 వోల్టులను 5 వోల్టులకు దించే చిన్న చవక డబ్బా ఒకటి ఉంది. ఆ డబ్బా లోపల సెకనుకు లక్షలసార్లు స్విచ్చింగ్ జరుగుతూ, షీల్డింగ్ సరిగా లేకపోతే చుట్టూ రేడియో రొద చిమ్ముతుంది. దాన్ని రిసీవర్ ఉన్న చోటికి దగ్గరగా, డాష్‌బోర్డు కింద టేపు చుట్టి తోసేశారు. పీకేసి చూస్తే దూరం దాదాపు మామూలుకొచ్చింది.

"అన్నా, దొరికిపోయింది, బిల్లు రాసేద్దామా?" అన్నాడు కుర్రాడు. వాడి ఉత్సాహం అర్థమైంది గానీ లెక్క కుదరడం లేదు. డాష్‌క్యామ్ బీసెంట్ రోడ్డులోనూ ఆన్‌లోనే ఉంటుంది, ఆదివారం మధ్యాహ్నమూ ఆన్‌లోనే ఉంటుంది. అది కారుతో పాటే తిరుగుతుంది. ఈ జబ్బు ఒక చోటికి, కొన్ని వేళలకు కట్టుబడి ఉంది. డాష్‌క్యామ్ దూరాన్ని తగ్గించింది, అంతవరకే. ఓనర్ గారు ఇంట్లో నొక్కేది కారుకు నాలుగడుగుల దూరంలో నిలబడి.

మిగిలింది గాలి ఒక్కటే. ఆ గాలి ఆటోనగర్‌లో దొరకదు.

సెల్లార్‌లో

రాత్రి ఆయన ఇంటికి చేరే వేళకే వెళ్లాం. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, కింద సెల్లార్ పార్కింగ్, మూలన మోటారు గది, దాని పక్కనే సంప్. ఓనర్ గారి పార్కింగ్ సరిగ్గా మోటారు గదిని ఆనుకుని ఉంది. కారు ఆపి, దిగి, రిమోట్ నొక్కారు. ఏమీ లేదు. మళ్లీ నొక్కారు. ఇండికేటర్లు కూడా వెలగలేదు. డ్రైవర్ అద్దానికి కీ ఆనించి నొక్కితే మాత్రం ఠప్పున పడింది.

లాప్‌టాప్ బానెట్ మీద పెట్టి డాంగిల్ తగిలించాం. తెరమీద 433.92 దగ్గర పైనుంచి కిందిదాకా తెగని గీత. మేమెవరమూ ఏ బటనూ నొక్కలేదు. కారు రిమోట్ గీత క్షణంలో వచ్చి పోతుంది. ఇది నిలబడి ఉంది. దగ్గరికి పెంచి చూస్తే గీత లోపల చిన్న చిన్న తునకలు, ఒకే నమూనా మళ్లీ మళ్లీ. అంటే ఊరికే పుట్టిన రొద కాదు. ఏదో యంత్రం ఒకే మాటను ఆగకుండా వల్లిస్తోంది.

కారు రిమోట్ శక్తి చాలా తక్కువ, 10 మిల్లీవాట్ల లోపే. పెళ్లి పందిట్లో బ్యాండు మేళం పక్కన నిలబడి చెవిలో రహస్యం చెప్పినట్టు, ఆ రొదలో రిసీవర్‌కు రిమోట్ మాట వినబడదు. దానికి తోడు రిసీవర్ తనకందే బలమైన సిగ్నల్‌కు తగ్గట్టు వినికిడి తగ్గించుకుంటుంది. దాంతో చిన్న సిగ్నల్ ఇంకా మునిగిపోతుంది. అద్దానికి ఆనించి నొక్కినప్పుడు రిమోట్ సిగ్నల్ దగ్గరగా ఉన్నందువల్ల అదే పైచేయి అవుతుంది. దగ్గరగా పెడితే పనిచేస్తోందంటే సెల్ వీకయిందని చాలామంది తేల్చేస్తారు. సెల్ వీకయినా, చుట్టూ రొద ఉన్నా బయటికి కనబడే లక్షణం ఒకటే. చోటు మార్చి చూస్తే ఆ రెండూ వేరుగా తెలిసిపోతాయి.

ఆవిడ చెప్పిన ఎడమ చెయ్యి సంగతి కూడా ఇక్కడే తేలింది. 433.92 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 69 సెంటీమీటర్లు. కింద స్లాబు, పైన స్లాబు, మధ్యలో పిల్లర్లు, అన్నింట్లోనూ ఇనుము. సిగ్నల్ వాటి మీద పడి వెనక్కి కొడుతూ, ఒకచోట కలిసి బలపడుతుంది, ఇంకోచోట కొట్టుకుపోయి బలహీనపడుతుంది. సగం తరంగం పొడవు, అంటే ఇంచుమించు ఒక అడుగు జరిగితే చాలు, పరిస్థితి మారిపోతుంది. కారు వెనక నిలబడ్డప్పుడు రిమోట్ సిగ్నల్‌కు మంచి దారి దొరుకుతోంది. ఎడమ చెయ్యి దానికి తోడొచ్చిందంతే. ఓనర్ గారు వెంటనే పైకి ఫోన్ చేసి వాళ్లావిడకు ఈ మాట చెప్పారు. ఆవిడ గెలిచినట్టే లెక్క.

ఈ ఫ్రీక్వెన్సీ చుట్టూ చవక వైర్‌లెస్ వస్తువులన్నీ గుమిగూడి ఉంటాయి. కాలింగ్ బెల్లులు, గేటు రిమోట్లు, పిల్లల బొమ్మలు, టైర్ల గాలి చూపించే సెన్సర్లు. వీటిలో చాలావరకు నొక్కినప్పుడో, ఎప్పుడో ఒకసారో మాట్లాడి ఊరుకుంటాయి కాబట్టి కలిసి బతకగలుగుతాయి. ఒక్కటి నోరు మూయకపోతే మిగతావన్నీ మూగబోతాయి. 2019లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, నార్త్ ఓమ్‌స్టెడ్ అనే ఊళ్లో కొన్ని వీధుల్లో కార్ల రిమోట్లు, గ్యారేజీ తలుపుల రిమోట్లు వారాల తరబడి పనిచేయలేదు. చివరికి ఒక ఇంట్లో సరదాకి చేసుకున్న చిన్న బ్యాటరీ పరికరం ఆగకుండా సిగ్నల్ వదులుతోందని బయటపడింది. అక్కడి కార్ల రిమోట్లు వాడేది 315 మెగాహెర్ట్జ్, ఆ పరికరం పట్టుకున్నదీ అదే.

మోటారు గది

గీత ఎక్కడి నుంచి వస్తోందో వెతకడం చెప్పినంత సులువు కాదు. సిగ్నల్ మరీ బలంగా ఉంటే సెల్లార్‌లో ఎటు తిరిగినా గీత ఒకేలా కనబడుతుంది, గోడల నుంచి కూడా వస్తున్నట్టే ఉంటుంది. అందుకని ముందు సాఫ్ట్‌వేర్‌లో గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచి చూపే స్థాయి, పూర్తిగా తగ్గించాలి. అది చాలకపోతే డాంగిల్‌కున్న యాంటెన్నా పీకేయాలి. అప్పుడు చాలా దగ్గరికి వెళ్తేగానీ గీత కనబడదు. యాంటెన్నా తీసేశాక సెల్లార్ అంతా తెర ఖాళీ, మోటారు గది తలుపు దగ్గర మాత్రం గీత మళ్లీ లేచింది.

అప్పుడే మోటారు ఆగింది. వాచ్‌మన్ ట్యాంకు నిండిందని స్విచ్ కట్టేశాడు. అదే క్షణంలో తెరమీద గీత కూడా తెగిపోయింది.

"మోటారు ఏ టైముల్లో వేస్తావయ్యా?" అని వాచ్‌మన్‌ను అడిగాను.

"పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా సార్, మళ్లీ రాత్రి ఎనిమిదిన్నర నుంచి ట్యాంకు నిండేదాకా. మధ్యాహ్నం వెయ్యను, సంప్‌లో నీళ్లుండవు."

ఓనర్ గారు నా వంక చూశారు. ఆయన బయల్దేరేది ఎనిమిదింటికి, వచ్చేది రాత్రి తొమ్మిది ప్రాంతంలో.

మోటారు రేడియో సిగ్నల్ పంపదు. పాత స్టార్టర్ కాంటాక్టులు మెరిస్తే రొద పుడుతుంది గానీ, అది చాలా ఫ్రీక్వెన్సీల మీద చెల్లాచెదురుగా ఉంటుంది, ఇలా ఒక్క గీతగా, ఒకే నమూనాతో రాదు. ప్యానెల్ బోర్డు పక్కన గోడకు చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి స్క్రూలతో బిగించి ఉంది. అందులోంచి రెండు వైర్లు సంప్‌లోకి దిగాయి, ఒక సన్నటి వైరు ముక్క బయటికి పొడుచుకుని నిలబడి ఉంది. కొలవకుండానే అర్థమైంది. 433 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం యాంటెన్నా 17 సెంటీమీటర్లు ఉంటుంది, అది కూడా జానెడు కంటే కొంచెం తక్కువగానే ఉంది.

అది సంప్ అలారం. ఎండాకాలంలో సంప్ ఎండిపోయినా మోటారు నడిచి వైండింగ్ కాలిపోయిందట. అసోసియేషన్‌కు రీవైండింగ్ ఖర్చు పడింది. మూడో అంతస్తులో ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు ఒకతను, మళ్లీ అలా జరగకూడదని ఈ డబ్బా తయారుచేసి పెట్టాడు. సంప్‌లో నీళ్లు తగ్గితే వాచ్‌మన్ గదిలో బజర్ మోగుతుంది. మోటారు నడిచేటప్పుడే దాంతో పని కాబట్టి కరెంటు మోటారు స్టార్టర్ నుంచే తీసుకున్నాడు. ఆలోచన మంచిదే, బజర్ కూడా బాగా పనిచేస్తోంది.

అసోసియేషన్ సెక్రటరీ గారు కిందికి వచ్చారు, ఆర్టీసీలో చేసి రిటైరైన పెద్దాయన. "మా మోటారును కాపాడుతున్న డబ్బా అండీ ఇది, దీన్ని పీకమంటారా?" అన్నారు కాస్త చిరాగ్గా. పీకొద్దు, ముందు ఒక్కసారి ఆపి చూద్దాం అన్నాం. వాచ్‌మన్ చేత మోటారు వేయించి, డబ్బాకు వెళ్లే కరెంటు మాత్రం తీసేశాం. మోటారు నడుస్తోంది, తెర ఖాళీగా ఉంది, రిమోట్ సెల్లార్ అవతలి మూల నుంచి కూడా పనిచేసింది. డబ్బాకు కరెంటు ఇచ్చాం, రిమోట్ చచ్చిపోయింది. సెక్రటరీ గారి చేతికే కీ ఇచ్చి ఆయన చేతే నొక్కించాం. ఆ తర్వాత ఇంకేమీ అనలేదాయన.

మూత తీస్తే లోపల అనుకున్నవే ఉన్నాయి. పంపాల్సిన మాటను కోడ్‌గా మార్చే హెచ్‌టీ12ఈ అనే ఎన్‌కోడర్ చిప్, దాని పక్కన గోరంత 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ మాడ్యూల్. ఈ జంట తెలియని ఈసీఈ విద్యార్థి ఉండడు, బీటెక్ ప్రాజెక్టుల్లో ఎన్ని రోబోలు, ఎన్ని అలారాలు దీంతోనే నడిచాయో. ఆ చిప్‌లో 14వ పిన్ పేరు టీఈ. దాన్ని గ్రౌండ్‌కు కలిపితే కోడ్ పంపుతుంది, కలిపి ఉంచినంతసేపూ పంపుతూనే ఉంటుంది. ప్రాజెక్టు డయాగ్రమ్‌లలో సులువు కోసం ఆ పిన్‌ను నేరుగా గ్రౌండ్ చేసేస్తారు. ల్యాబ్‌లో టేబుల్ మీద పది నిమిషాలు నడిపితే ఎవరికీ ఏమీ కాదు. ఇక్కడా అలాగే చేశారు. నీళ్లున్నా లేకపోయినా, కరెంటు ఉన్నంతసేపూ డబ్బా "నీళ్లున్నాయి, నీళ్లున్నాయి" అని చెబుతూనే ఉంది. తగ్గినప్పుడు "లేవు, లేవు" అంటుంది. ఊరుకోవడం దానికి తెలియదు.

ఆ కుర్రాడికి ఫోన్ చేస్తే వెంటనే అర్థం చేసుకున్నాడు. "అయ్యో, టీఈ గ్రౌండ్ చేసేశా అంకుల్. ఫ్లోట్ స్విచ్‌తో కలపాల్సింది" అన్నాడు. నేను చెప్పబోయేదీ అదే.

సరిచేసింది

రెండు దార్లున్నాయి. ఒకటి, ఆ పిన్‌ను ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టాన్ని బట్టి పనిచేసే స్విచ్) గుండా గ్రౌండ్‌కు కలపడం. అప్పుడు నీళ్లు తగ్గినప్పుడు మాత్రమే సిగ్నల్ వెళ్తుంది. అలారం మోగేటప్పుడు రిమోట్లు కాసేపు పనిచేయకపోయినా, ఎలాగూ మోటారు ఆపేస్తారు కాబట్టి నష్టం లేదు. రెండోది, అసలు రేడియోయే వద్దనుకోవడం. సంప్ నుంచి వాచ్‌మన్ గది ఎంతో దూరం లేదు. రెండు వైర్లు పైపులో లాగితే, ఫ్లోట్ స్విచ్ నేరుగా బజర్‌ను మోగిస్తుంది. చిప్‌తో, మాడ్యూల్‌తో పనిలేదు. నేను వైర్లనే సలహా ఇచ్చాను. గోడకు బిగించి ఉండే రెండు వస్తువుల మధ్య వైర్‌లెస్ పెట్టడం నాకు మొదటి నుంచీ నచ్చదు. సెక్రటరీ గారు మర్నాడే వైరింగ్ మేస్త్రీని పిలిపించి పైపు వేయించారు.

కారులో చేయాల్సింది డాష్‌క్యామ్ పని. చవక డబ్బా తీసేసి, ఫిల్టర్ ఉన్న మంచి కన్వర్టర్ పెట్టాం. దాన్ని రిసీవర్‌కు దూరంగా, ఎడమ పక్క పిల్లర్ వైపుకు జరిపి, వైరు మీద రేడియో రొదను అణిచే ఫెర్రైట్ క్లిప్ వేశాం. రెండో కీలో అన్‌లాక్ బటన్ స్విచ్ అరిగిపోయింది. ఈ స్విచ్‌లు బోర్డు మీద సాల్డర్ చేసి ఉంటాయి, ఖరీదు రూపాయల్లోనే. పాతది తీసి కొత్తది వేయడం పావుగంట పని. ఇలాంటి దానికి కీ సెట్టు మొత్తం మార్చమనడం మన ఊళ్లో మామూలైపోయింది.

బీసీఎం ముట్టుకోలేదు. రిమోట్‌ను మళ్లీ ప్రోగ్రామ్ చేయలేదు.

అలారం సంగతి అపార్ట్‌మెంట్‌లో పాకేసరికి, మాకూ ఇలాగే ఉంది, మాకూ ఇలాగే ఉంది అని ఇంకొందరు బయటపడ్డారు. ఒకాయన అప్పటికే కొత్త రిమోట్ కొనేశారు. పుష్ స్టార్ట్ కారున్న ఒకావిడకు పొద్దున్నే "కీ కనబడటం లేదు" అని డాష్‌బోర్డు మీద వచ్చేదట. అందులోనూ కీ కారుకు జవాబు చెప్పేది ఈ 433 మీదే. కారు 125 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో పిలిస్తే కీ 433లో పలుకుతుంది. ఆ పలుకు రొదలో మునిగితే కీ జేబులో ఉన్నా లేనట్టే. అలాంటప్పుడు కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్టవుతాయి, ఎందుకంటే కీలోని ఇమ్మొబిలైజర్ చిప్‌కు సెల్‌తో గానీ, 433తో గానీ పనిలేదు. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

వైర్లు లాగించాక అందరి రిమోట్లూ పనిచేశాయి, ఒక్క పాత సెడాన్‌ది తప్ప. దాన్ని ఆటోనగర్ తెమ్మన్నాం. సీఆర్1620 సెల్, మీటర్ మీద 3 వోల్టులు బాగానే ఉంది. 220 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టగానే 2 వోల్టుల కిందికి పడిపోయింది. కొత్త సెల్ వేసి పంపించాం.